చేతులకి పని, నోటికి తాళం

వాడరేవు వెళ్లి మనశ్శాంతి కొనుక్కురండి అని మీకెవరైనా సలహా ఇస్తే, ఆ ఇచ్చినవాళ్లనే ముందు పంపించండి. మేం వెళ్లొచ్చాం. వచ్చి వారం దాటింది. ఇంకా నా ఒళ్లు మండుతూనే ఉంది. ఆ మంట చల్లారేలోపే రాసేయాలని కూర్చున్నాను. చల్లారాక రాస్తే అన్నీ బాగున్నాయనే రాస్తాం కదా, యాత్ర చేసినవాళ్లందరూ చేసేది అదే.

మేం అంటే నేనూ, మా వదిన సత్యవతీ. నేను తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైనదాన్ని. పేరు వరలక్ష్మి. నోరు కాస్త ఎక్కువని పాలకొల్లులో పేరు. మా వదినది మా పక్కవీధే. పోయిన ఏడాది మా అన్నయ్య పోయాడు. ఆవిడ జాకెట్లు కుట్టేది. మామూలు జాకెట్లు కాదు, పెళ్లి జాకెట్లు. మా పేటలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, పురోహితుణ్ణి పిలిచాక రెండో కబురు మా వదినకే. అలాంటి మనిషి అన్నయ్య పోయాక మిషన్ మీద దుప్పటి కప్పేసింది. మాట తగ్గింది, తిండి తగ్గింది, నిద్ర అసలే లేదు. "మనసు విరిగిపోయింది పాపం" అని నలుగురం అనుకున్నాం. డాక్టరు కూడా, "మాత్రలతో ఎన్నాళ్లని నెట్టుకొస్తారు? చేతులకేదైనా పని పెట్టండి, మెల్లగా మనిషి అవుతుంది" అన్నాడు.

అదిగో, ఆ మాట పట్టుకుని మా అమ్మాయి ఫోన్‌లో వెతికి మూడు రోజులకి బుక్ చేసేసింది. సముద్రం ఒడ్డు, రాట్నం, మగ్గం, అల్లికలు, చేతిపనితో మనసుకి మరమ్మతు అట! ఇద్దరికీ అయిన ఖర్చుతో మా పేటలో ఓ చిన్న పెళ్లికి టిఫిన్లు పెట్టొచ్చు. సరే, వదిన బాగుపడితే అంతే చాలనుకున్నాను.

వాడరేవు

చీరాల స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. జిల్లా పేరు ఇప్పుడు మారిందట, నా నోటికి మాత్రం ప్రకాశమే వస్తుంది. ఊరు దగ్గరపడే కొద్దీ ఎండబెట్టిన చేపల వాసన. ఇసుకలో వలలు పరిచి, వాటి మీద చేపలు పోసి, ఆడవాళ్లు అటూ ఇటూ తిరగేస్తూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు. అరుపుల మధ్యలో నవ్వులు. "ఒసే, కాకి ఎత్తకపోతంది, చూడవే" అని ఒకావిడ, "నీ మొగుణ్ణెత్తకపోలేదులే" అని ఇంకొకావిడ. నాకు ప్రాణం లేచొచ్చింది. మా గోదావరి గట్టు మీద కూడా ఇంతే. ఆటో ఇక్కడే ఆపితే బాగుండుననిపించింది. ఆగలేదు. పెద్ద గోడ దాటి లోపలికి తీసుకెళ్లింది.

గోడ లోపల చప్పుడు లేదు. తెల్లబట్టలు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి చేతులు జోడించి, గుసగుసగా నియమాలు చెప్పింది. మొదటి నియమం మౌనం. వచ్చినవాళ్లు మాట్లాడుకోకూడదు, నేర్పేవాళ్లతో సైగలు చెయ్యాలి. మాట్లాడితే హాల్లో ఉన్న మట్టి హుండీలో మాటకి యాభై రూపాయలు వెయ్యాలి. నేను నవ్వులాటకనుకున్నాను. కాదు, నిజమే.

మా వదిన కేసి చూశాను. మాట్లాడక మాట్లాడక నోటికి తుప్పు పట్టిన మనిషి. ఆవిడకి మౌనం మందట! నీళ్లలో మునిగిపోతున్నవాడికి నలుగు పెట్టి తలంటు పోసినట్టు లేదూ?

మొదటి పూట లేసు అల్లిక. సన్నటి కొక్కెం సూది, తెల్లదారం చేతికిచ్చి, "శ్వాస మీద ధ్యాస పెట్టి అల్లండి" అని కాగితం మీద రాసి చూపించారు. ఎవరికి చూపిస్తున్నారు ఆ సూది? మా నరసాపురం వైపు ఆడవాళ్లకి! మా అమ్మ ఆ సూదితోటే మమ్మల్నందర్నీ సాకింది. శ్వాస మీద ధ్యాస పెట్టడానికి ఆవిడకి తీరికెక్కడిది? మధ్యాహ్నం ఏజెంటు వచ్చేలోపు అంచు పూర్తి కావాలి. చూపంతా ఆ దారానికే పోసింది. అదే సూదిని ఇక్కడ వెదురు బుట్టలో, మల్లెపూల పక్కన పెట్టిచ్చారు.

ఉన్నమాట చెప్పాలి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ, కంప్యూటర్ ఉద్యోగమట, ఆ దారంతో కూర్చుని సాయంత్రానికి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడకి రోజంతా ఎవరో ఒకరు ఫోన్‌లో వాగుతూనే ఉంటారేమో, ఆ నిశ్శబ్దం దాహం తీర్చినట్టుంది. చేతిపని మంచిదే. వేళ్లు ఆడుతుంటే తలలో రొద తగ్గుతుంది, అది నాకూ తెలుసు. కానీ అందరికీ ఒకటే కషాయమా?

మా వదిన దారం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒక్క ముడి వెయ్యలేదు. భోజనానికి కొర్రన్నం, ఉప్పులేని సొరకాయ, ఏదో ఆకు. గోడవతల ఊరంతా చేపల పులుసు కాస్తోంది. ఆ వాసనకి నాకు నోరూరిపోయింది.

తొలిపోగు

మర్నాడు పొద్దున్న మగ్గం. పెద్ద అద్దాల గది, మధ్యలో మగ్గం, దాని ముందు మంచి చీర కట్టి, తల నిండా పూలు పెట్టి కూర్చోబెట్టిన ఒకావిడ. పేరు కోటమ్మ. చీరాల పక్క నేతపేట మనిషి. రోజు కూలికి వచ్చి మగ్గం చూపించి పోతుందట. ఆవిడ నోటికీ తాళమే.

తెల్లబట్టల అమ్మాయి ఇత్తడి పళ్లెం పట్టుకొచ్చింది. పసుపు, కుంకుమ, దీపం. ఆ రోజు మాత్రం ఆ అమ్మాయి నోరు విప్పొచ్చు కాబోలు. "ఈ మగ్గం మీద కొత్త బట్ట మొదలుపెడుతున్నాం. తొలిపోగు వెయ్యడం మన ట్రెడిషన్. సుమంగళులు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, బొట్టు పెట్టుకుని, నాడె ఒకసారి విసరండి. మిగతావాళ్లు కళ్లు మూసుకుని మంచి ఎనర్జీ పంపించండి" అంది. నాడె అంటే పోగు చుట్టిన చిన్న కొయ్య పడవ, అటూ ఇటూ పరిగెత్తుతుందే, అది.

నేను పక్కకి తిరిగి చూసేసరికి మా వదిన లేదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తనంతట తనే వెనక్కి జరిగి జరిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచేచోట నిలబడింది. చేతులు రెండూ పైటలో చుట్టేసుకుంది. అలవాటైన మనిషి కదా! ఈ ఏడాదిలో ఎన్ని గుమ్మాల దగ్గర అలా జరిగిందో.

మనసు బాగుచేస్తామని డబ్బు తీసుకుని, దారి ఖర్చులు పెట్టించుకుని రప్పించి, చెప్పుల దగ్గర నిలబెడతారా? సంచీలోంచి ఐదొందల నోటు తీసి హుండీలో పడేశాను.

"పది మాటలకి కట్టాను, వినండి" అన్నాను. "ఇదేనా మీ శాంతి? సుమంగళులకే పనిచేస్తుందా మీ వైద్యం? మొగుడు పోయినావిడకి రాదా మనోవ్యాధి?"

ఆ అమ్మాయి కంగారుపడి పెదాల మీద వేలు పెట్టుకుంది. "ఆంటీ, ప్లీజ్, సైలెన్స్. ఎవరినీ హర్ట్ చెయ్యడానికి కాదు. ఇది అథెంటిక్ కస్టమ్."

"పళ్లెం నీ దగ్గర పెట్టుకో" అని వదిన చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. పదిమాటలు ఎప్పుడో దాటిపోయాయి. మిగతావి అప్పు.

సామాను సర్దుకుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తుంటే కోటమ్మ వెనకాలే వచ్చింది. పూలు తీసి కొంగులో కట్టుకుంది. "బలే తిట్టారమ్మా, కడుపు నిండింది" అంది.

నాకు ఆవిడ మీద కూడా మండింది. "అన్నీ తెలిసినదానివి, అక్కడ నోరు మూసుకు కూర్చున్నావేం?"

"నోరు మూసుకున్నందుకే గదమ్మా కూలి ఇచ్చేది" అంది కోటమ్మ. "ఆ పసుపు పళ్లెం మా వీధిలో నేను యాడా చూళ్లా. వాళ్లు పెట్టమన్నారు, పెట్టా. ఎటూ ఎళ్తున్నారుగా, నన్ను మా ఇంటి కాడ దించి ఎళ్లండి. ఆటోకి డబ్బులు మిగుల్తయ్ నాకు."

ఎంత ధైర్యం! నాకు నవ్వొచ్చింది. ఎక్కించుకున్నాం.

చీరాల

దించి వెళ్లిపోదామనుకున్నాం. కానీ ఆ వీధిలో అడుగుపెట్టాక కాళ్లు కదల్లేదు. రెండు వైపులా గుంట మగ్గాలు, నేసేవాళ్లు కాళ్లు గుంటలో పెట్టి తొక్కేవి, టకాటకా టకాటకా. ఆ చప్పుడు మీదుగా వినబడాలని ప్రతివాళ్లూ గొంతెత్తే మాట్లాడుకుంటున్నారు. ఒకింట్లో టీవీ, ఒకింట్లో ప్రార్థన పాటలు, ఎవరో పిల్లని పేరుపెట్టి తిడుతున్నారు. నేతపని ప్రశాంతమైందని చెప్పినవాడు ఎవడో గానీ, వాడు ఈ వీధిలోకి రాలేదు. మా పేటలో లేసు అల్లేవాళ్లు అరుగుల మీద చేరి ఊరందరి కూపీలూ లాగుతారు. నిశ్శబ్దంగా చేసే చేతిపని నేనెక్కడా చూడలేదు. నిశ్శబ్దం డబ్బున్నవాళ్లు తర్వాత కలిపినట్టున్నారు.

కోటమ్మ అన్నం పెట్టింది. వేడన్నం, ఎండుచేపల పులుసు, పండుమిరపకాయల పచ్చడి. మాకు పచ్చడంటే చింతపండు ముందుండాలి, మిరప వెనకుండాలి. ఇక్కడ మిరపే పెళ్లికొడుకు. ఒక ముద్ద తినేసరికి నా చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. కోటమ్మ మజ్జిగ పోస్తూ, "గోదారోళ్లు ప్రతిదానికీ ఆయ్ అంటారుగా, ఇప్పుడనండి" అని పగలబడి నవ్వింది. మా వదిన మాత్రం మాట్లాడకుండా రెండోసారి పచ్చడి వేయించుకుంది. నేను చూశాను.

భోజనాలయ్యాక అసలు సంగతి బయటపెట్టింది కోటమ్మ. ఆవిడకి మగ్గం ఆగిపోయి ఉంది. పాత బట్ట నేత అయిపోయింది, కొత్త పడుగు, అంటే నిలువు పోగుల చుట్ట, తయారుగా ఉంది. పాత పడుగు చివర్లు కోసి పారెయ్యరట. మగ్గంలో అలాగే ఉంచి, ప్రతి పాత పోగుకీ ఒక కొత్త పోగు చేత్తో అతకాలి. వేల పోగులు. ఎప్పుడూ తోడికోడలు వచ్చి సాయం కూర్చునేది. మిరపకోతలకి కూలి ఎక్కువిస్తున్నారని ఆవిడ చేలోకి పోయింది. మొగుడు నేతమీద బతకలేక గుంటూరు యార్డులో మూటలు మోస్తున్నాడు.

"మీ చేతులు చూశా పొద్దున" అంది కోటమ్మ మా వదినతో. "కుట్టుపని చేతులు. వేళ్ల చివర సూది గుచ్చుకున్న మచ్చలున్నయ్. మీరు కూసుంటే సాయంత్రానికి సగం ఎళ్లిద్ది."

అన్నం పెట్టి ఆవిడ పనిమనిషిని సంపాదించుకుంటోంది, చూశారా! నేను ఏదో అనబోయాను. ఈలోపు వదిన చెయ్యి కడుక్కుని వెళ్లి మగ్గం పక్కన కూర్చుంది.

అతుకులు

పని చూడ్డానికి ఏమీ లేదు. వేళ్లకి బూడిద అద్దుకోవాలి. పాత పోగు చివర, కొత్త పోగు చివర కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పాలి, పక్కకి వాల్చాలి. అంతే. ముడి ఉండదు. ముడి ఉంటే మగ్గంలో దూరదు. నేనూ కూర్చున్నాను. నేను తిప్పిన ప్రతి పోగూ ఊడిపోయింది. కాసేపు చూసి కోటమ్మ, "మీరు లేవండమ్మా. మీరు మాట్లాడ్డానికి పనికొస్తారు" అంది. లేచి గుమ్మంలో కూర్చుని మాట్లాడాను. మా ఊరి సంగతులు, రిటైరైనవాళ్ల సంగతులు, కూరగాయల ధరలు. కోటమ్మ తన తోడికోడల్ని తిట్టింది. పక్కింటావిడ వచ్చి ఇద్దర్నీ తిట్టింది.

మా వదిన వేళ్లు చూస్తున్నాను నేను. మొదట తడబడ్డాయి. తర్వాత పట్టు దొరికింది. ఆ తర్వాత చూడకుండానే తిప్పుతోంది. భుజాలు కిందికి దిగాయి. ఏడాదిగా నేను చూడని వదిన, మిషన్ ముందు కూర్చునే వదిన, అక్కడ కనిపించింది. మధ్యలో తలెత్తి, "కోటమ్మా, మీ తోడికోడలు కాస్త నయమేలే, మా వరలక్ష్మి అయితే పోగులన్నీ తెంపేసి పోయేది" అని కూడా అంది. మాట్లాడింది! నేను ఉలిక్కిపడ్డాను.

సగం అయ్యేసరికి పక్కింటావిడ వంగి చూసి, "మధుపర్కాలా? ఎవురి పెళ్లికి?" అంది.

"ఎవురి పెళ్లో మనకేం తెలుసు? కొట్టువాళ్లడిగారు" అంది కోటమ్మ.

పెళ్లిపీటల మీద పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కట్టుకునే బట్టలు అవి. మా వదిన నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాగేసుకుంది. లేచి నిలబడింది.

"ముందే చెప్పొద్దూ?" అంది. "నాచేత ముట్టించావేం? ఆయన పోయాడు నాకు. పొద్దున చూడలేదా నువ్వు? తెలియకుండా ఎవరింట్లోనో శుభకార్యం..."

కోటమ్మకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, నేను మొహం చూశాను. "పడుగు అతకడానికి మొగుడెందుకమ్మా?" అంది. "గుంటలో దిగిన కాళ్లకి మట్టెలున్నయ్యో లేవో ఎవురు చూస్తారు? మా చినత్త మొగుడు పోయినాక ముసల్దయ్యేదాకా నేసింది ఇయ్యే బట్టలు. అయి కట్టుకుని ఎంతమంది పెళ్లాడారో! వాళ్లందరికీ కబురు పెట్టమంటావా ఇప్పుడు?"

"అయ్యో వదినా, ఊరుకో" అన్నాను నేను, చెయ్యి పట్టుకోబోతూ. "నీకు మిషనెక్కాలనే లేనప్పుడు..."

"నాకు లేదని ఎవరు చెప్పారే నీకు?"

అలాంటి గొంతు నేను ఆవిడ దగ్గర ఎన్నడూ వినలేదు. మగ్గాల చప్పుడు మీదుగా వీధి చివరికి వినబడి ఉంటుంది.

"ఎక్కనని నేనన్నానా? ఎక్కడానికి గుడ్డ ఎవరిచ్చారు? మీ అన్నయ్య దినాలు ఇంకా పూర్తి కాలేదు, హుక్కులు మాత్రమే కుట్టాల్సిన జాకెట్టు, ఉన్నదున్నట్టు ఇచ్చేయమని పనిమనిషిని పంపించారు. ముహూర్తం దగ్గరపడిందండీ అని ఆ పిల్ల తల దించుకుంది. అలా ఒకటా? ముందు పెళ్లి జాకెట్లు పోయాయి. తర్వాత సీమంతాలవి, నోములవి. చివరికి పట్టుచీరకి ఫాల్ కుట్టడానిక్కూడా రాలేదు. మిగిలినవి నైటీలు! ముప్పయ్యేళ్లు పెళ్లికూతుళ్లకి కుట్టిన దాన్ని, నైటీలు కుట్టమంటారా? దుప్పటి నేనే కప్పాను. ఏడుపొచ్చి కాదు వరలక్ష్మీ, కోపమొచ్చి కప్పాను. మీరంతా చుట్టూ చేరి, సత్యవతి మనసు విరిగిపోయింది, సత్యవతి మాట్లాడటం లేదు అంటుంటే ఇంకా కోపమొచ్చింది. నా చేతుల్లో పని లాక్కున్నదీ మీరే, నా చేతులకి పని చెప్పి బాగుచేస్తామనేదీ మీరే!"

వీధిలో నలుగురు చేరారు. నాకు నోట మాట రాలేదు. నమ్మండి, నాకు! మనశ్శాంతి కోసం తీసుకొచ్చిన మనిషికి ఇంత కోపం ఉందని నేను కలలో కూడా అనుకోలేదు.

కోటమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "అయ్యన్నీ నిజమే. సగంలో లేస్తే ఎట్టా? గాలికి ఊడిపోతయ్, మళ్లీ మొదటికొస్తది. కూసో, కూసుని తిట్టు."

కూర్చుంది. కూర్చుని తిట్టింది. ఒక్కో పోగు అతుకుతూ ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టింది. హుక్కుల్లేని జాకెట్టు వాళ్లని, సీమంతాల వాళ్లని, ఏమీ చెప్పకుండా పోయినందుకు మా అన్నయ్యని. వీధంతా విని ఆనందించింది. చీకటి పడకముందే పోగులన్నీ అతికాయి. కోటమ్మ మెల్లగా పడుగు ముందుకి లాగింది. అతుకులన్నీ ఒక్కటీ తెగకుండా జారి అటువైపు చేరాయి.

చేతిపనితో మనసు నెమ్మదిస్తుందని చెప్పినవాళ్లకి నా జవాబు ఇదే. మా వదినకి నెమ్మది రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపంతోటే ఆకలీ వచ్చింది, నిద్రా వచ్చింది. ఆ రాత్రి కోటమ్మ ఇంట్లోనే మాత్ర లేకుండా పడుకుంది.

మార్టూరు

గుంటూరు వెళ్లి ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనుక్కుని ఇంటికి పోదామని నా లెక్క. ఇంకొల్లు మీదుగా వెళ్లే బస్సెక్కాం. దారి పొడవునా ఎరుపు. చేలల్లో ఆడవాళ్లు వంగి కోస్తున్నారు, కళ్లాల్లో మిరపకాయలు పరిచి ఉన్నాయి, బస్సులో అందరికీ తుమ్ములే. పత్తి చేలు అప్పటికే ఎండిపోయి పుల్లలు మిగిలాయి. వదిన కిటికీ దగ్గర కూర్చుని పక్కసీటు ఆవిడతో మాట్లాడుతోంది. నాకు చోటే దొరకలేదు మాటల్లో.

మార్టూరులో బస్సు మారాలి. రోడ్డు పక్కంతా రాళ్లు కోసే, నునుపు పట్టే షెడ్లు. నీళ్లు చిమ్ముతూ రంపాలు, తెల్లటి దుమ్ము, చెవులు పగిలే మోత. టీ తాగుతుంటే వదిన గ్లాసు బల్ల మీద పెట్టి ఎదురుగా ఉన్న కొట్లోకి నడిచింది. రాతి మీద పేర్లు చెక్కే కొట్టు. గోడకి ఆనించి సమాధి రాళ్లు, గుడి మెట్లకి దాతల పేర్ల పలకలు. చెక్కే ఆయన పేరు మస్తాన్‌వలీ, పెద్దాయన, గడ్డం నిండా దుమ్ము. మా వదిన బోసి మెడ చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"కూర్చోండమ్మా. పెద్దాయన పేరు చెప్పండి. పుట్టిన తేదీ, పోయిన తేదీ?"

"పోయినాయన రాయి కాదు బాబూ, ఉన్నదాని రాయి" అంది వదిన.

ఆయన నాకేసి చూశాడు. నేనేం చెప్పను? నాకూ తెలియదు.

"ఇంటి ముందు పెట్టుకోవడానికి. ఆ మూల పడున్న నల్లముక్క చాలు. రాసుకో. ఇచట పెళ్లి జాకెట్లు మాత్రమే కుట్టబడును. కింద సత్యవతి."

"మామూలు జాకెట్లు కుట్టరా అమ్మా?"

"కుట్టను."

"వదినా, రాయెందుకు? రేకు బోర్డు రాయించుకోవచ్చు కదా" అన్నాను.

"రేకు పీకేస్తారు" అంది.

బేరం మొదలైంది. ఆయన అక్షరానికింత అన్నాడు. ఆవిడ ఒత్తులకి డబ్బివ్వనంది, దీర్ఘాలు ఊరికే పెట్టమంది. ఆయన అల్లా సాక్షిగా గిట్టుబాటు కాదన్నాడు. ఈవిడ లేచి బయటికొచ్చింది, ఆయన వెనక్కి పిలిచాడు. చివరికి ముక్క ఊరికే ఇచ్చి, చెక్కినందుకు మాత్రం తీసుకున్నాడు. అలవాటు ప్రకారం, "పైన ఏం పెట్టమంటారు? ఓం పెట్టనా, శిలువా, నెలవంకా?" అనడిగాడు.

"కత్తెర పెట్టు" అంది మా వదిన.

పాలకొల్లు

గుంటూరు మిరపకాయల సంగతి వదిలెయ్యండి. ఆ రాయి గోనెలో చుట్టి మొయ్యడానికే మా ఇద్దరి భుజాలూ చాలలేదు. రైల్లో ఒకాయన సాయం పట్టి, బరువు చూసి, "ఏముందండీ ఇందులో?" అన్నాడు. వదిన రాతి మీది వాక్యం గడగడా అప్పజెప్పింది. ఆయన మూట మెల్లగా కిందపెట్టి పై బెర్తెక్కేశాడు.

మేస్త్రీని పిలిపించి వీధిగోడలో సిమెంటుతో బిగించింది. నల్లరాయి, తెల్ల అక్షరాలు, పైన కత్తెర. మిషన్ మీద దుప్పటి తీసి ఉతికి ఆరేసింది. మిషన్‌కి నూనె పోసింది. పొద్దున్నే తలుపు బార్లా తీసి కూర్చుంటోంది. మా పేటలో మాటలు మొదలయ్యాయి, అనుకున్నవే. "పెద్దవయసులో ఈ పంతమేమిటి?" అని ఒకరు, "అయ్యో, మతి చలించింది" అని ఒకరు. వాళ్లందరితోనూ నేను పోట్లాడుతున్నాను. నాకు పని దొరికింది.

మొన్న మా ఎదురింటి టీచరమ్మ జాలిపడి ఒక జాకెట్టు ముక్క పట్టుకొచ్చింది. స్కూలుకి వేసుకునే మామూలుదే. వదిన వెనక్కిచ్చేసింది. "మాత్రమే అని రాయలేదూ?" అంది. టీచరమ్మ చిన్నబుచ్చుకుంది, నేనూ నొచ్చుకున్నాను. వదిన మాత్రం వంచిన తల ఎత్తలేదు. మిషన్ చక్రం ఒకసారి ఉత్తినే తిప్పి చూసుకుంది.

ఇది పెళ్లిళ్ల కాలం. మా వీధిలోంచి రోజుకో సన్నాయి వెళుతోంది. ఈ నాలుగు ముక్కలూ రాసే వేళకి ఆ గుమ్మం ఎక్కిన పెళ్లి జాకెట్టు ఒక్కటి లేదు.

మీరు ఇక్కడిదాకా చదివారు, అయ్యో పాపం అని కూడా అనుకునే ఉంటారు. మీ జాలి మాకు అక్కర్లేదు. మీ ఇంట్లో పెళ్లి కుదిరిందా? పట్టు ముక్క పట్టుకుని పాలకొల్లు రండి. ఎవరినడిగినా ఆ రాయి చూపిస్తారు. తొందరపెడితే ఆవిడ ఊరుకోదు, అందుకని ముహూర్తం ముందే చెప్పండి. కొలతకి పాత జాకెట్టు ఒకటి తెచ్చుకోండి.